మీ ఊరు అయిపోలేదు

"ఇక్కడ తియ్యడానికి ఏముందన్నా, అన్నీ తీసేశాం." ఇద్దరు ఫొటోగ్రాఫర్లు టీ కొట్టు దగ్గర కలిస్తే ఈ మధ్య ముందుగా వినపడుతున్న మాట ఇదే. విజయవాడ ఆయనకు ప్రకాశం బ్యారేజీ అయిపోయింది. విశాఖ ఆయనకు ఫిషింగ్ హార్బర్ అయిపోయింది. వరంగల్ ఆయనకు వేయి స్తంభాల గుడి, హైదరాబాద్ ఆయనకు చార్మినార్ అయిపోయాయి. 1591 నుంచి నిలబడి ఉన్న కట్టడం, దాని చుట్టూ గాజుల కొట్లు, పండ్ల బండ్లు, రంజాన్ రాత్రులు, మక్కా మసీదు ముందు పావురాలు, వాటికి గింజలు చల్లే పిల్లలు. ఇదంతా నాలుగు ఆదివారాల్లో ఖర్చయిపోయిందట! ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఊళ్లు అలా అయిపోవు. అయిపోయింది మన ఓపిక. ఆ సంగతి ఒప్పుకోలేక నింద ఊరి మీద వేస్తున్నాం.

ఆ బాధ అబద్ధమని నేననడం లేదు. కెమెరా పట్టి పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అది తెలుసు. షూట్ చేసుకొచ్చిన కార్డు కంప్యూటర్‌లో పెట్టడానికి చెయ్యి రాదు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టగానే, తియ్యబోయే ఫొటో ఇంతకుముందే తీసేసినట్టు అనిపిస్తుంది. బ్యాగు బీరువా పైకి ఎక్కుతుంది, దాని మీద దుమ్ము చేరుతుంది. బాగా తీసిన రోజులు గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టదు. అందులో నవ్వాల్సిందేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. నా కోపం ఆ బాధ మీద కాదు. ఆ బాధకు మందు అంటూ అంగడి తెరిచినవాళ్ల మీద, ఆ మందు కొనుక్కుని అసలు పని తప్పించుకుంటున్న మన మీద.

మొదటి అంగడి పరికరాలది. చేతిలో పని ఆగిందా, బాడీ మార్చు. ఇంకా ఆగే ఉందా, లెన్సు మార్చు. ఈఎంఐలు కట్టేది కట్టు, కళ మాత్రం వచ్చే నెల డెలివరీ. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత పుట్టినప్పుడు ఫోకస్ మోటార్లు లేవు గానీ, అది మనకోసమే పుట్టింది. నేటి కెమెరా కదిలే మనిషి కంటిని వెతికి పట్టుకుని వదలదు. మంచిదే. ఎవరి కళ్లలోకి చూడాలో, ఎందుకు చూడాలో మాత్రం అది చెప్పదు. ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయినవాడికి లక్షల రూపాయల గాజు ఏం సాయం చేస్తుంది?

జోసెఫ్ సుదెక్ సంగతి వినండి. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న చెక్ ఫొటోగ్రాఫర్. ఒంటి చేత్తో బరువైన చెక్క కెమెరాలు మోసుకుంటూ ప్రాగ్ వీధులు తిరిగాడు. నాజీలు ఆ నగరాన్ని ఆక్రమించుకున్నాక బయట కెమెరా పట్టుకుని తిరగడమే ప్రమాదమైంది. ఆయన తన స్టూడియో కిటికీ ముందు కూర్చున్నాడు. 1940 నుంచి 1954 దాకా ఆ కిటికీనే తీశాడు. అద్దం మీద పట్టిన మంచు, జారే నీటి చుక్కలు, వాటి వెనక మసకగా పెరట్లో ఒక వంకర చెట్టు, గట్టు మీద ఒక గ్లాసు, ఒక పువ్వు. యుద్ధం ముగిసినా ఆయన ఆ కిటికీని వదల్లేదు. 'నా స్టూడియో కిటికీ' అన్న ఆ వరుస నేటికీ ప్రపంచ ఫొటోగ్రఫీలో తలెత్తుకుని నిలబడి ఉంది. ఒక చెయ్యి, ఒక కిటికీ, పద్నాలుగేళ్లు. మనకు రెండు చేతులున్నాయి, కిటికీలకు కొదవ లేదు. "లొకేషన్ లేదు" అని మనం ఎలా అనగలుగుతున్నాం?

ఆంద్రే కెర్తేస్ అనే ఫొటోగ్రాఫర్ ఇంకో సాక్షి. 1977లో భార్య ఎలిజబెత్ చనిపోయేనాటికి ఆయన ఎనభై దాటిన మనిషి. దుఃఖంలో కూరుకుపోయిన ఆ ముసలాయన చేతిలోకి వచ్చింది పోలరాయిడ్ కెమెరా. ఇంట్లో పుట్టినరోజు ఫొటోలు తీసుకోవడానికి మామూలు జనం కొనుక్కునే కెమెరా అది. న్యూయార్క్‌లో తన ఫ్లాట్ కిటికీ గట్టు మీద ఒక చిన్న గాజు బొమ్మ పెట్టుకున్నాడు. దాని మెడ, భుజం ఆయనకు భార్యను గుర్తు చేశాయి. దాన్నే వేకువ వెలుగులో, సాయంత్రపు నీడలో మళ్లీ మళ్లీ తీశాడు. 1981లో ఆ ఫొటోలు పుస్తకమయ్యాయి. ఆయన చేతిలో ఖరీదైన లెన్సు లేదు, ఆయన ఎక్కడికో ప్రయాణమూ కట్టలేదు. పోగొట్టుకున్న మనిషి ఉంది, కిటికీలోంచి వచ్చే వెలుగుంది, వాటిని వదలని పట్టుదల ఉంది.

రెండో అంగడి నాకు ఇంకా అసహ్యం. దాని పేరు ఫొటో టూర్. కొన్నిచోట్ల వర్క్‌షాప్ అంటారు. డబ్బు కట్టండి, తెల్లవారక ముందే తీసుకెళతారు, "గ్యారంటీ ఫ్రేము" ఇస్తారు. తలపాగా చుట్టిన ఒక తాత, నోట్లో చుట్ట, వెనక ఎవరో వేసిన పొగ, ఆ పొగలోంచి ఏటవాలుగా దిగే కిరణాలు. మట్టి రేపుకుంటూ పరిగెత్తే గుర్రాలు. దీపం పట్టుకుని పక్కకు చూసే పాప. ఎదురుగా పదిహేను ట్రైపాడ్లు ఒకే వరుసలో. పదిహేను మంది ఇంటికి పట్టుకెళ్లేది ఒకే ఫొటో.

ఒక చెరువు గట్టున ఈ తంతు కళ్లారా చూశాను. తెప్ప మీద నిలబడ్డ జాలరికి గట్టు మీంచి కేకలు: "ఇంకోసారి విసురు! ఇంకొంచెం పైకి!" ఆయన విసిరాడు. వల గుండ్రంగా విచ్చుకుంది, పదిహేను షట్టర్లు టకటకలాడాయి. వల నీళ్లలో పడ్డాక దాన్ని లాగేటప్పుడు ఒక్క కెమెరా కూడా ఆయన వైపు లేదు. అందరూ తలలు దించి స్క్రీన్లు చూసుకుంటున్నారు. తడి వల బరువుకు ఆయన భుజం దిగిపోయింది, చేతులకు తాడు ఒరుసుకుంటోంది, వల ఖాళీగా వచ్చింది. ఖాళీగానే వస్తుంది, అక్కడ చేపలుండవు. వెలుగు బాగుందని ఆయన్ని అక్కడ నిలబెట్టారు. చేపలు పడే చోటు ఆయనకు తెలుసు, అటు వెళ్దామని ఎవరూ అడగలేదు. ఆయన పేరు అడిగినవాళ్లూ లేరు. ఆ ఫొటోలు తర్వాత 'జీవన పోరాటం' అన్న శీర్షికతో పోటీలకు వెళ్లాయి. పోరాటం కెమెరాలు దించుకున్న ఆ అర నిమిషంలో ఉంది. దాన్ని చూడనివాడు ఎన్ని బహుమతులు తెచ్చుకున్నా నేను ఫొటోగ్రాఫర్ అనను.

పోటీల సంగతీ మాట్లాడుకుందాం. మన రెండు రాష్ట్రాల్లో సెలాన్లు అనే ఫొటో ప్రదర్శన పోటీల పిచ్చి ఇంతా అంతా కాదు. ఎన్ని సెలాన్లలో ఎన్ని 'యాక్సెప్టెన్స్‌లు' వచ్చాయో లెక్కపెట్టుకుని, పేరు వెనక ఏఎఫ్ఐఏపీ, ఈఎఫ్ఐఏపీ అని బిరుదుల అక్షరాలు తగిలించుకోవడం ఒక జీవితాశయం అయిపోయింది. వందల ఫొటోలు వరుసగా తెర మీద కదిలిపోతుంటే న్యాయనిర్ణేత ఒక్కో దానికి ఇచ్చేది కొన్ని సెకన్లు. ఆ కొన్ని సెకన్లలో కొట్టొచ్చినట్టు కనపడేదే గెలుస్తుంది. కాబట్టి అందరూ అలాంటిదే తీస్తారు. నెమ్మదిగా చూస్తే తప్ప తెరుచుకోని ఫొటో మొదటి వడపోతలోనే పోతుంది. పదేళ్లు ఈ లెక్కకు తల ఒగ్గినవాడు ఒకరోజు "నాకు కొత్తగా ఏమీ తట్టడం లేదు" అంటే ఆశ్చర్యమేముంది? తనకు తట్టింది తియ్యడం అతను ఏనాడో మానేశాడు. జడ్జికి తట్టేది తీస్తున్నాడు.

ఇప్పుడు ఆ పని మనకన్నా బాగా యంత్రం చేస్తుంది. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు కృత్రిమ మేధతో పుట్టించిన బొమ్మను సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ పోటీకి పంపాడు. దానికి బహుమతి వచ్చింది. ఇది ఫొటో కాదని చెప్పి ఆయన ఆ బహుమతిని తిరస్కరించాడు. ఆ వార్త చదివి చాలామంది యంత్రాన్ని తిట్టారు. నేను మనల్ని తిడుతున్నాను. పొగ, కిరణాలు, తలపాగా తాత అని నాలుగు మాటలు టైపు చేస్తే వచ్చే బొమ్మ కోసం తెల్లవారుజామున లేచి, డబ్బులు కట్టి, అంత దూరం వెళుతున్నామంటే, మనం చాలాకాలంగా యంత్రాల్లాగే బతుకుతున్నామని అర్థం.

మూడో అంగడిలో దొరికేది ఒక సలహా. అది మంచి సలహాలాగే కనిపిస్తుంది, అందుకే ఎక్కువ ప్రమాదం: "ఏం తోచకపోతే తీస్తూనే ఉండు, అదే వస్తుంది." సగమే నిజం. అమెరికా వీధి ఫొటోగ్రఫీకి పెద్ద దిక్కు గ్యారీ వినోగ్రాండ్. ఆయన 1984లో చనిపోయినప్పుడు కనీసం డెవలప్ కూడా చెయ్యని రీళ్లు 2,500 దాకా మిగిలాయి. రీలుకు 36 ఫ్రేముల లెక్కన చూసుకోండి. అంత గొప్పవాడు, కళ్లలో అంత చురుకున్నవాడు, చివరి సంవత్సరాల్లో తీసింది తీసినట్టు పక్కన పడేస్తూ పోయాడు. ఆ రాశిని చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది. నొక్కుతూ పోవడం పని చెయ్యడం కాదని అంతకన్నా గట్టిగా ఎవరూ చెప్పలేరు.

ఇంకో ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ కూడా తక్కువ తియ్యలేదు. 1955, 56 సంవత్సరాల్లో అమెరికా అంతా తిరిగి 27 వేలకు పైగా ఫ్రేములు తీశాడు. 'ది అమెరికన్స్' పుస్తకంలో ఉన్నవి 83. తేడా ఎక్కడుంది? ఫ్రాంక్ కూర్చున్నాడు. కాంటాక్టు షీట్ల మీద గీతలు కొట్టాడు, ప్రింట్లు వేసి గోడకు గుచ్చాడు, నేల మీద పరిచాడు, తీసేశాడు, మళ్లీ పెట్టాడు. తను తీసిన దాన్ని తనే పరాయివాడిలా చూశాడు. మనలో ఎంతమంది ఆ పని చేస్తున్నాం? హార్డ్ డిస్కుల్లో టెరాబైట్లు మూలుగుతున్నాయి. వాటిని తెరిచి చూడటానికి భయపడి, కొత్తవి తియ్యడానికి పరిగెడుతున్నాం.

స్తబ్ధతలోంచి బయటపడే దారి ఆ భయంలోంచే పోతుంది. గత ఐదేళ్ల ఫొటోల్లోంచి ఓ రెండు వందలు తీసి, ల్యాబులో చిన్న సైజు ప్రింట్లు వేయించండి. ఇంట్లో చాప మీద పరచండి. ఎవరినో చూసి తీసినవి ఒక్కొక్కటిగా బోర్లించండి. మెప్పు కోసం తీసినవి బోర్లించండి. ఇంటర్నెట్‌లో చూసిన ఫ్రేమును మీ ఊళ్లో వెతుక్కుని తీసినవి బోర్లించండి. చాప దాదాపు అంతా తెల్లటి వీపులతో నిండిపోతుంది. ఆ క్షణం కడుపులో తిప్పినట్టుంటుంది. లేచి వెళ్లకండి. మిగిలిన ఆ నాలుగింటి దగ్గర కూర్చోండి. వాటిలో ఏదో ఒక పట్టింపు ఉంటుంది. ఒకరికి చేతులు, ఒకరికి మూసిన కొట్ల తలుపులు, ఒకరికి బస్సుల్లో నిద్రపోతున్న మనుషులు. మీరు అనుకోకుండా మళ్లీ మళ్లీ వెళ్లిన చోటు అది. మీ పని అక్కడుంది. మిగతాదంతా అద్దెకు తెచ్చుకున్న చూపు. ఇన్నాళ్లూ మిమ్మల్ని వేధించిన విసుగు ఆ అద్దె చూపు మీద మీ మనసు చేసిన తిరుగుబాటు. దాన్ని జోకొట్టకండి, దాని మాట వినండి.

చోటు దొరికాక అక్కడే తిష్ట వెయ్యాలి. ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన 'పెప్పర్ నంబర్ 30' ఫొటోలో ఉన్నది వంటింట్లోని ఒక బెంగళూరు మిరపకాయ, దాని వెనక ఒక రేకు గరాటు. ఆ పేరులోని అంకెను గమనించండి. దానికి ముందు ఎన్ని మిరపకాయల ముందు కూర్చుంటే ఆ మిరపకాయ అలా వంగిన ఒళ్లులా మెరిసింది!

మిరపకాయ అన్నాను గనక గుంటూరు చూద్దాం. ప్రతి ఏటా కోతల కాలం రాగానే కల్లాల మీద డ్రోన్లు లేస్తాయి. ఎర్రటి తివాచీ, మధ్యలో చీమల్లా నలుగురు కూలీలు. ప్రతి ఏడూ అదే ఫొటో, ప్రతి ఏడూ చప్పట్లు. "మిర్చి అయిపోయింది" అంటారు. కిందికి దిగండి. తొడిమలు తీసే షెడ్డులోకి వెళ్లండి. గోతం పట్టాల మీద వరుసగా ఆడవాళ్లు, ముక్కుకు అడ్డంగా కొంగు, పక్కన తూకానికి పోసిన కుప్ప. తొడిమ గిల్లే బొటనవేలి కొన చర్మం ఎలా మందమైందో దగ్గరగా చూడండి. చంటిబిడ్డ ఏడిస్తే ఎత్తుకునే ముందు ఆ తల్లి ఏం చేస్తుందో చూడండి. చేతులు కడుక్కుంటుంది, మళ్లీ కడుక్కుంటుంది, అయినా అరచెయ్యి తగలనివ్వకుండా మోచేతుల మీద ఎత్తుకుంటుంది. డ్రోన్‌కు అది ఏనాటికీ కనిపించదు. మన ఇళ్లలో ప్రతి కూరలో పడే కారం వెనక ఉన్న చేతులవి. "అయిపోయింది" అన్నవాళ్లు ఆ షెడ్డు గడప కూడా తొక్కలేదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న జబ్బు మనకు బాగా ముదిరింది. వారణాసి ఘాట్లు కావాలి, పుష్కర్ ఒంటెలు కావాలి, బర్సానా హోలీ కావాలి. వరంగల్ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ మాత్రం దశాబ్దాల పాటు తెలంగాణ పల్లెనే తీశారు. వాకిళ్లు, తలుపులు, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు, వాళ్ల నడక, వాళ్ల పనిపాట్లు. జబ్బు పీడిస్తున్నా కెమెరా వదల్లేదు. 2022లో ఆయన పోయారు. ఆయన ఫొటోల్లోని ఇళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో లేవు, స్లాబు డాబాలొచ్చాయి. ఆ గోడలు నిలబడి ఉన్నప్పుడు వాటి పక్కనుంచి రోజూ నడిచివెళ్లిన వాళ్లందరికీ అవి మామూలు గోడలే. ఒక్కాయన ఆగి చూశారు, అందుకే మనకు మిగిలాయి.

పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఈ మాటలన్నీ విని "మీకేం, మాకు పొట్టకూడు" అంటారు. ఆ మాటను నేను గౌరవిస్తాను. పెళ్లివారు ఫోన్‌లో ఒక రీలు చూపించి ఇలాగే కావాలంటారు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, అప్పగింతలు. ఒక్కటి తప్పినా ఆల్బమ్ డబ్బులు రావు. నిద్ర లేని ముహూర్తాలు, లైట్ల వేడి, వెన్నునొప్పి. అది మీ వృత్తి, నిజాయితీగా చెయ్యండి. కానీ తాళి కట్టే క్షణంలో, మండపం మీదికి అందరూ తోసుకొచ్చేటప్పుడు, ఒక్కసారి వెనక్కి తిరగండి. హాలు చివర కుర్చీలో పెళ్లికూతురి నాయనమ్మ ఉంటుంది. భర్త పోయిన మనిషి, ముందుకు రాదు. ఎవరూ రావద్దని అని ఉండరు, రమ్మని కూడా అని ఉండరు. ఆమె గుప్పిట్లో అక్షింతలు ఉంటాయి. వాటిని అక్కడి నుంచే మండపం వైపు వేస్తుంది, అవి ఆమె కాళ్ల ముందే పడతాయి. ఆ ఫొటో ఏ రీలులోనూ ఉండదు, ఏ ప్యాకేజీలోనూ రాదు. మన సమాజం మీద వెయ్యి వ్యాసాలు చెప్పలేనిది అది చెబుతుంది. దానికి అదనంగా పట్టే సమయం రెండు సెకన్లు.

మూఢం వచ్చినప్పుడు, ఆషాఢం వచ్చినప్పుడు స్టూడియోల్లో ఈగలు తోలుకుంటూ కూర్చుంటామని బాధపడతారు. అడ్వాన్సులు రాని ఆ రోజుల కష్టం నాకు తెలుసు. అయినా సంవత్సరంలో ఏ కస్టమరూ మీ చూపును శాసించని రోజులు అవే. వాటిని ఫోన్‌లో ఇతరుల ఫొటోలు చూస్తూ తగలెయ్యకండి.

ఎంత చేసినా రావడం లేదు, మనసు పూర్తిగా విరిగిపోయింది అంటే మానెయ్యండి. మానడం నేరం కాదు. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హొమాయ్ వ్యారవల్లా 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. స్వాతంత్ర్యం వచ్చిన ఘడియలను తీసిన మనిషి తర్వాత నలభై ఏళ్లు బతికారు, ఆ వృత్తిలోకి తిరిగి రాలేదు. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చినప్పుడు దేశం సన్మానించింది ఆమె ఆ పాత పనినే. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెస్సాన్ కూడా 1970ల్లో కెమెరాను దాదాపు వదిలేసి పెన్సిలు పట్టి బొమ్మలు గీసుకున్నారు. ఇద్దరూ లెన్సు బాగాలేదని మానలేదు, ఊళ్లో ఏమీ లేదని మానలేదు. తలెత్తుకుని మానారు. అలా మానే హక్కు అందరికీ ఉంది. మానకుండా, చెయ్యకుండా, ఊరిని తిడుతూ కూర్చునే హక్కు ఎవరికీ లేదు.

మన జిల్లా కేంద్రాల్లో ఉన్న ఫొటో క్లబ్బుల వాళ్లకు, అసోసియేషన్ల వాళ్లకు ఒక మాట. పొగ వేయించే టూర్లు ఆపండి. డబ్బులిచ్చి పేదవాళ్ల చేత వాళ్ల బతుకునే నటింపజేయడం ఆపండి. వార్షిక ప్రదర్శనలో ఒక గోడ ఒకే చోటును ఏడాదిపాటు తీసినవారికి ఇవ్వండి. అది వీధి కావచ్చు, షెడ్డు కావచ్చు, ఇల్లు కావచ్చు. ఆ ఫొటోల్లో ఉన్న మనుషులను ప్రారంభోత్సవానికి పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి, ప్రతి ఒక్కరికీ ఒక ప్రింటు చేతికివ్వండి. సభ్యులారా, మీ క్లబ్బును ఇది అడగండి. కుదరదంటే క్లబ్బు చందా కట్టడం మానేసి, ఆ డబ్బుతో ప్రింట్లు వేయించి మీ వీధిలో మీరే పంచండి.